ఎగిరే ఫొటోలో డాన్స్ లేదు!

మళ్ళీ అదే గొడవ! డాన్సర్ గాల్లోకి లేచిన క్షణాన్ని కెమెరా సెకనులో వెయ్యో వంతులో పట్టేస్తుంటే ఇంకా పెయింటింగులు, శిల్పాలు ఎందుకట. తిట్టుకుంటే తిట్టుకోండి, ఒకటే చెప్తా. ఆ ఫొటోలో డాన్స్ లేదు. గాల్లో వేలాడుతున్న మనిషి ఉన్నారు, దండెం మీద చీరలాగా!

డాన్స్ కావాలంటే కదలకుండా నిలబడ్డ బొమ్మని చూడండి. నవ్వకండి, నిజమే చెప్తున్నా. 1926లో మొహెంజొదారోలో దొరికిన కంచు పిల్ల ఉంది కదా. ఎత్తు పదిన్నర సెంటీమీటర్లు, అరచేతిలో పడుతుంది. ఏం చేస్తోంది? నడుం మీద చెయ్యి వేసుకుని, ఒక కాలు కాస్త వంచి నిలబడింది. అంతే! అయినా ‘డాన్సింగ్ గర్ల్’ అని పేరు పెట్టేశారు. ఆమె అసలు నర్తకేనా అని పండితులు కొట్టుకుంటారు, కొట్టుకోనీండి. చూసినవాళ్ళకి డాన్సే ఎందుకు గుర్తొచ్చింది? తాళం పడితే చాలు, కదిలేలా ఉంది కాబట్టి!

1881లో పారిస్‌లో ఫ్రెంచ్ కళాకారుడు డెగా ప్రదర్శనకి పెట్టిన మైనపు బొమ్మా అంతే. పద్నాలుగేళ్ళ బాలే పిల్ల, ఒంటి మీద నిజం గుడ్డ గౌను. చేతులు వెనక్కి, గడ్డం పైకి. గెంతులేమీ లేవు. అప్పటి విమర్శకులు ఆ పిల్లని కోతితో పోల్చారు. కోతట! తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది నాకు.

నా థియరీ ఇది. తాళం వేశాక పాట ఎత్తుకునేలోపు చిన్న ఖాళీ ఉంటుంది చూడండి, డాన్స్ ప్రాణం అందులో ఉంది. చెయ్యి తిరిగిన కళాకారుడు ఆ ఖాళీనే గీస్తాడు. ఫ్రెంచ్ చిత్రకారుడు మతీస్ అయితే అక్షరాలా గీశాడు! 1910 నాటి ‘డాన్స్’లో ఐదుగురు గుండ్రంగా తిరుగుతుంటారు. ముందున్న మనిషి చెయ్యి, ఎడమవైపు మనిషి చెయ్యి అందీ అందకుండా ఉంటాయి. ఆ కాస్త సందుని రంగుతో పూడ్చేయండి, ఐదుగురూ ఠక్కున ఆగిపోతారు.

‘మరి నటరాజు?’ అంటారు, తెలుసు. కాలెత్తాడు, జటలు ఎగురుతున్నాయి, చుట్టూ మంటలు. ఒప్పుకుంటా. కానీ చోళుల కంచు విగ్రహంలో ఆ ముఖం చూశారా? ఒళ్ళంతా అంత తాండవం, ముఖంలో మాత్రం చిన్న అలజడి కూడా లేదు. ఇప్పుడు మీకు తెగ నచ్చిన ఆ ఎగిరే ఫొటో తీయండి. ముఖం దగ్గర జూమ్ చేయండి.