తెగిన తీగ, ఆగిన పలకరింపు

శ్రోతలకు నమస్కారం.

కిందటి నెల మా వీధి చివర పైపుల కోసం గొయ్యి తవ్వుతుంటే ఇంటర్నెట్ తీగ తెగిపోయింది. రెండు రోజులు ఎవరూ రాలేదు. ఫోన్ చేసినప్పుడల్లా "కంప్లైంట్ రాసుకున్నామండీ" అన్నారు. మూడో రోజు పొద్దున్నే ఒక కుర్రాడు తీగ అతికే మెషీన్ పట్టుకుని వచ్చాడు. నేను పక్కనే నిలబడి చూశాను.

నల్లటి పైతొడుగు ఒలిస్తే లోపల గాజు పోగు కనిపించింది. మన తలవెంట్రుకంత ఉంటుంది, అంతే. దాన్ని స్పిరిట్ అద్దిన గుడ్డతో తుడిచి, కొస నున్నగా కోసి, రెండు కొసల్నీ మెషీన్‌లో ఎదురెదురుగా పెట్టి మూత వేశాడు. చిన్న తెర మీద ఆ రెండు పోగులూ దూలాల్లా కనిపించాయి. మెల్లగా దగ్గరికి జరిగాయి. ఒక్క మెరుపు మెరిసింది. అతుకు ఎక్కడ పడిందో కూడా తెలియలేదు.

"ఇంట్లో బాక్స్ మీద ఎర్ర లైటు పోయిందేమో చూడండి సార్" అన్నాడు. నేను లోపలికి వెళ్ళేలోగానే పక్కింటి పెద్దావిడ గోడ అవతలి నుంచి "వచ్చిందా నాయనా?" అని అడిగారు. ఆవిడ మనవరాలు డల్లాస్‌లో ఉంటుంది. ఇక్కడ పొద్దున ఏడున్నర అంటే అక్కడ ఆ పిల్ల పడుకునే వేళ. రోజూ ఆ కాసేపే ఇద్దరికీ మాటలు. రెండు రోజులు అవి లేవు.

గాజు పోగులోంచి వెలుగు రూపంలో చాలా దూరం మాట పంపవచ్చని 1966లో చార్లెస్ కావ్ అనే శాస్త్రవేత్త చెప్పారు. షాంఘైలో పుట్టి, అప్పట్లో ఇంగ్లండ్‌లో పనిచేస్తున్నారు. ఆనాటి గాజులో 20 మీటర్లు వెళ్ళేసరికే వెలుగులో నూటికి ఒక వంతు మిగిలేది. లోపం గాజుది కాదు, అందులో కలిసిన మలినాలది అన్నారాయన. నాలుగేళ్ళకు అమెరికాలో కార్నింగ్ కంపెనీ అంత శుద్ధమైన గాజు పోగు తీసి చూపించింది. ఇప్పటి పోగులో కిలోమీటరు దాటాక కూడా నూటికి 95 వంతుల వెలుగు నిలుస్తుంది. కావ్‌కు 2009లో నోబెల్ బహుమతి వచ్చింది.

మన దేశంలో సామాన్యులకు ఇంటర్నెట్ 1995 ఆగస్టు 15న వచ్చింది. టెలిఫోన్ తీగ మీద నడిచిన ఆ రోజుల్లో ఒక్క పాట దింపుకోవాలంటే పది నిమిషాలు కూర్చోవాలి. ఈ రోజు వంద ఎంబీపీఎస్ (ఇంటర్నెట్ వేగాన్ని కొలిచే లెక్క) లైన్‌లో అదే పాటకు అరసెకను కూడా పట్టదు. ఆంధ్రప్రదేశ్‌లో కరెంటు స్తంభాల మీదుగా తీగ లాగి, నెలకు 149 రూపాయలకే 15 ఎంబీపీఎస్ ఇస్తామని ప్రభుత్వం ఫైబర్‌నెట్ అనే ఇంటర్నెట్ పథకం మొదలుపెట్టింది. 2017 డిసెంబరులో రాష్ట్రపతి దాన్ని ప్రారంభించారు. తెలంగాణలో మిషన్ భగీరథ నీళ్ళ పైపుల కోసం తవ్విన కందకాల్లోనే ఈ తీగనూ వేశారు. ఒకసారి తవ్విన చోట రెండు పనులు చేసుకోవడం నాకు చాలా నచ్చిన ఆలోచన.

ఇప్పుడు వెయ్యి ఎంబీపీఎస్ అని ప్రకటనలు వస్తున్నాయి. రానివ్వండి, మంచిదే. కానీ నాకు తెలిసిన ఇళ్ళలో ఎవరూ వెయ్యి కావాలని అడగడం లేదు. పరీక్ష రాసే పిల్లకు మధ్యలో లైన్ పోతుందేమోనన్న టెన్షన్ ఉండకూడదు. ఇంటి నుంచి పనిచేసే అబ్బాయికి, మీటింగ్‌లో ఎదుటివాళ్ళు కనబడితే చాలదు, తన మాటా వాళ్ళకు తెగకుండా వినబడాలి. అంటే దిగే వేగంతో పాటు పైకి వెళ్ళే వేగమూ ఉండాలి. రాత్రి ఎనిమిదింటికి అందరూ ఒకేసారి వాడేటప్పుడు నీరసించిపోకూడదు. వీధిలో ఒక పోగునే 32 ఇళ్ళకో, 64 ఇళ్ళకో పంచుతారు. ఆ పంపకం సరిగా లేకపోతే ప్రకటనలోని అంకె మన ఇంటికి రాదు.

కరెంటు సంగతి కూడా చెప్పాలి. పాత ల్యాండ్‌లైన్‌కు కావలసిన కరెంటు ఎక్స్చేంజి నుంచే రాగి తీగలో వచ్చేది. అందుకే వీధంతా చీకటైనా ఫోన్ మోగేది. గాజు పోగు వెలుగును మోస్తుంది గానీ కరెంటును మోయలేదు. కరెంటు పోతే మన ఇంట్లో బాక్స్ ఆగిపోతుంది. తుపాను రాత్రి, సరిగ్గా మనకు అవసరమైనప్పుడే. ఆ బాక్స్‌తో పాటు ఒక చిన్న బ్యాటరీ కూడా కనెక్షన్‌లోనే ఇవ్వాలని నా కోరిక. ఇంకో కోరిక కూడా ఉంది. వేగం ఎంతో రాసే కాగితం మీదే, లైన్ తెగితే ఎన్ని గంటల్లో అతుకుతారో రాయాలి. ఆ గంటలు దాటితే బిల్లులో తగ్గించాలి. ఊరి నడిబొడ్డున ఉన్న ఇంటికైనా, చివర పొలం గట్టున ఉన్న ఇంటికైనా అవే గంటలు ఉండాలి.

ఆ రోజు కుర్రాడు పని ముగించి, మిగిలిన తీగను కోసి పారేయలేదు. చుట్టగా చుట్టి స్తంభానికి కట్టాడు. ఎందుకని అడిగాను. "మళ్ళీ ఎప్పుడైనా తెగితే లాగి అతకడానికి అందాలి కదండీ" అన్నాడు. గోడ అవతల పెద్దావిడ అప్పటికే మనవరాలితో మాట్లాడుతున్నారు.

నమస్కారం.