ఆ హాలు తాళం ఇప్పించండి

సభకు నమస్కారం. అధ్యక్షులవారికి, వేదిక మీద పెద్దలకు, వెనక బెంచీల్లో గోల చేస్తున్న మా స్కూలు పిల్లలకు కూడా. పేర్లన్నీ ఇందాక చదివారు కాబట్టి నేను మళ్ళీ చదవను, ఆ టైము నాకు కావాలి.

నన్ను గిడుగు రామమూర్తి పంతులుగారి మీద పది నిమిషాలు మాట్లాడమన్నారు. ఆగస్టు 29 ఆయన పుట్టినరోజు, 1863. హాకీ ధ్యాన్‌చంద్ పుట్టింది కూడా ఆగస్టు 29నే, 1905లో. అందుకే ఇవాళ తెలుగు భాషా దినోత్సవమూ, జాతీయ క్రీడా దినోత్సవమూ. మన పర్లాకిమిడిలో మొదటిది ఏటా జరుపుకుంటాం, రెండోది ఎవరికీ గుర్తురాదు. నేను పీఈటీని, అంటే స్కూల్లో ఆటల టీచర్ని, రెండోదాని గురించే మాట్లాడతాను. పంతులుగారు 1880లో ఈ ఊళ్ళో బడిపంతులుగా చేరారు. అప్పగించిన పాఠం చెప్పి జీతం తీసుకుని ఊరుకోవచ్చు. ఊరుకోకుండా, ఎవరికీ పట్టని సవర గిరిజన పిల్లలకు వాళ్ళ మాటలోనే చదువు చెప్పాలని ఆ భాష నేర్చుకుని, పుస్తకాలు రాసి, బళ్ళు పెట్టారు. అలాంటి మనిషి పేరున పెట్టిన సభలో, ఆడుకోవడానికి చోటు దొరకని పిల్లల గురించి మాట్లాడటం తప్పు కాదు.

చోటు దొరకనిది మన ఆడపిల్లలకి. ఆరు, ఏడు తరగతుల్లో గ్రౌండంతా వాళ్ళదే. ఎనిమిదికి వచ్చేసరికి ఒక్కొక్కరే గట్టెక్కి కూర్చుంటారు, తొమ్మిదిలో గట్టు మీద కూడా కనపడరు. ఉన్నది ఒక్క గ్రౌండు, సాయంత్రం అయితే అది క్రికెట్ ఆడే కుర్రాళ్ళది. జూన్ నుంచి అక్టోబరు దాకా వానలకి అదీ బురదే. 2018లో తిత్లీ తుఫాను మన జిల్లాని ఏం చేసిందో మీకు చెప్పక్కర్లేదు, ఆ తర్వాత చాలా రోజులు ఆటల ఊసే లేదు. అంటే మనకి కావాల్సింది పైన కప్పు ఉన్న చోట ఆడేది, ఆడపిల్లలూ మగపిల్లలూ కలిసి ఆడేది, ఒకరినొకరు తోసుకోనిది.

అలాంటి ఆట ఉంది. ఇంటర్‌క్రాస్ అంటారు.

లాక్రోస్ పేరు కొందరు విని ఉంటారు. ఉత్తర అమెరికా ఆదివాసులది. హొడెనొషోనీ కూటమి జాతులు దాన్ని సృష్టికర్త ఆటగా పూజ్యంగా చూస్తాయి. చివర వల ఉన్న కర్రతో బంతిని అందుకోవడం, విసరడం. 1867లో మాంట్రియల్‌లో జార్జ్ బీర్స్ అనే పళ్ళ డాక్టరు దానికి నియమాలు రాసి అచ్చువేశాడు. మగవాళ్ళ లాక్రోస్‌లో ఒంటితో గుద్దడం, కర్రతో కర్రని కొట్టడం ఆటలో భాగమే. హెల్మెట్టు, గ్లవ్స్ లేకుండా దిగరు, బంతి గట్టి రబ్బరు. 1930ల్లో కెనడాలో దాన్ని ఐస్ హాకీ హాళ్ళలోకి తెచ్చారు, అక్కడా గుద్దుకోవడం తగ్గలేదు. ఇంటర్‌క్రాస్‌లో అదంతా తీసేశారు. ఒళ్ళు తగలకూడదు, కర్ర తగలకూడదు. కర్ర తల మొత్తం ప్లాస్టిక్, వల ఉండదు. బంతి కొంచెం పెద్దది, మెత్తగా లోపల బోలుగా ఉంటుంది. జట్టుకి ఐదుగురు, 40 మీటర్ల పొడవు, 20 మీటర్ల వెడల్పు కోర్టు, నాలుగడుగుల చదరం గోలు. ఆడా మగా ఒకే జట్టు. కెనడాలోని క్యూబెక్‌లో, చెక్ దేశంలో పెద్దవాళ్ళే పోటీలు పెట్టుకుని ఆడతారు.

తగలకూడదు అన్న ఒక్క నియమంతో ఏం జరుగుతుందో నేను కళ్ళారా చూశాను. బంతి లాక్కోవడానికి లేదు కాబట్టి అది వెళ్ళే దారిలో ముందే నిలబడాలి. కండ ఉన్నవాడి కంటే గమనించేవాళ్ళు గెలుస్తారు. మా ఆడపిల్లలు గమనిస్తారండీ! ఏళ్ళ తరబడి గట్టు మీద కూర్చుని చూసింది అదే కదా.

ఆ కర్రలు మాకెక్కడ దొరుకుతాయి? ఐదు లీటర్ల నూనె డబ్బా అడుగు ఏటవాలుగా కోసి, అంచు చుట్టూ టేపు వేసి, మూతిలో వెదురు కర్ర దూర్చి సైకిల్ ట్యూబుతో బిగించాం. ఆడింది స్కూలు వరండాలో, అది చిన్నది, అందుకే జట్టుకి నలుగురినే పెట్టాం. బంతి చేతికొచ్చాక ఐదు లెక్కపెట్టేలోపు ఇచ్చెయ్యాలని నియమం పెట్టుకున్నాం. సవర కుర్రాడు, ఒడియా అమ్మాయి, తెలుగు పిల్లలు, అందరూ ఒకరి పేరు ఒకరు అరుస్తూ ఆడారు.

అందులో కొమ్ముబొమ్మలు చేసే ఇంటి పిల్ల ఒకతి, తొమ్మిదో తరగతి. ఆ పిల్ల గురించి చెప్పకుండా నేను దిగను. వాళ్ళ నాయనమ్మ చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళడానికి వచ్చింది. "ఏటి టీచరమ్మా, ఎదిగిన ఆడగుంటకి ఈ మగగుంటలతో గెంతులేటి?" అంది. కాసేపు కూర్చోమన్నాను. కూర్చుంది, చూసింది. "ఎవులూ ఎవుల్నీ ముట్టుకోరేటి?" అని అడిగింది. ముట్టుకోకూడదమ్మా, అదే ఆట అన్నాను. ఆ విసురు భుజంలోంచి రాదు, చేటతో బియ్యం చెరిగినట్టు మణికట్టులోంచి వస్తుంది, ఆ సంగతి ఆవిడకి నేను చెప్పేలోపే అర్థమైంది. "సీకటి పడీలోపు పంపీ" అని వెళ్ళిపోయింది. ఆ పిల్ల విసిరితే బంతి ఎక్కడ పడాలో అక్కడే పడేది.

తర్వాత వానలు. వరండా అంతా జల్లు. ఊళ్ళో ఒక హాలు ఉంది, పేరు చెప్పను, మీకు తెలుసు. వారంలో రెండు సాయంత్రాలు ఇవ్వమని అడిగితే, నేల పాడవుతుందన్నారు. పెళ్ళిళ్ళకి వంటపాత్రలు ఈడ్చినా పాడవని నేల, మెత్తటి బంతికి పాడవుతుందా? చివరికి అసలు మాట బయటపడింది: ఆడా మగా కలిసి అయితే కుదరదు, రేపు ఏమైనా అయితే ఎవరు బాధ్యులు అని. నాయనమ్మ ఒప్పుకుంది, కమిటీ ఒప్పుకోలేదు! ఆట ఆగిపోయింది. ఆ పిల్ల మళ్ళీ రాలేదు. నాకు ఇప్పటికీ కోపంగానే ఉంది.

2023 అక్టోబరులో ముంబైలో ఒలింపిక్ కమిటీ సమావేశమైంది. 2028 లాస్ ఏంజెలెస్‌లో క్రికెట్ పెట్టారని మన పేపర్లు నిండిపోయాయి. అదే రోజు లాక్రోస్ కూడా పెట్టారు, ఆరుగురు ఆడే రకం. 1908 తర్వాత మళ్ళీ ఇప్పుడే ఆ ఆటకి ఒలింపిక్ పతకాలు. మన ఒడిశా 2018 నుంచి భారత హాకీ జట్లకి స్పాన్సరు, రూర్కెలాలో అంత పెద్ద స్టేడియం కట్టింది, నాకూ గర్వమే. నేను ఇక్కడ స్టేడియం అడగడం లేదు. పతకం మాట కూడా ఎత్తడం లేదు.

ఆ హాలు కమిటీలో ఉన్నవాళ్ళు ఇవాళ ఈ సభలో ఉన్నారు. అయ్యా, మంగళవారం, శుక్రవారం, ఐదు నుంచి ఆరున్నర దాకా తాళం నాకివ్వండి. బాధ్యత నాది, రాసిస్తాను. తుడిచి ఇస్తాం. అమ్మలు, నాయనమ్మలు వచ్చి గోడవార కూర్చుని చూడొచ్చు, కుర్చీలు మేమే వేస్తాం. ఇంట్లో ఖాళీ నూనె డబ్బాలుంటే పారెయ్యకండి, ఐదు లీటర్లవి, పిల్లల చేత స్కూలుకి పంపండి. మగపిల్లల చేత పంపితే వాళ్ళ చెల్లెళ్ళని కూడా పంపండి.