సైడ్ బై సైడ్ కొనే ముందు టేపు పట్టుకోండి: అరిజోనా కొండదారుల్లో మా బండి, దాని మీద పెట్టిన ఖర్చు

నమస్తే అండీ. గాలి హోరు వినిపిస్తుంటే ఏమీ అనుకోకండి, మైకుకి టోపీ తొడిగినా ఇక్కడ ఇంతే. ఫీనిక్స్‌కి తూర్పున, మేసా దాటాక, టోంటో నేషనల్ ఫారెస్ట్‌లో బుల్‌డాగ్ క్యాన్యన్ గేటు దగ్గర ఉన్నాను. ఈ గేటుకి నంబర్ల తాళం. ముందుగా పర్మిట్ తీసుకున్నవాళ్లకే ఆ నంబరు చెబుతారు. వెనకాల తుస్సుమంటున్నది పంక్చర్ కాదు, నేనే టైర్లలో గాలి తీస్తున్నాను. రాళ్లలోకి దిగే ముందు 18 నుంచి 12 పీఎస్‌ఐకి దించుతాను. టైరు కాస్త మెత్తబడి రాయిని పట్టుకుంటుంది, నడుము కూడా సంతోషిస్తుంది. మీ బండి మాన్యువల్‌లో ఎంత ఉందో చూసుకుని దింపండి, నన్ను చూసి కాదు.

ఇండియా నుంచి చూసేవాళ్ల కోసం ఒక్క ముక్క. సైడ్ బై సైడ్ అంటే పక్కపక్కన కూర్చునే సీట్లు, స్టీరింగు, సీటు బెల్టులు, తల చుట్టూ ఇనుప పంజరం ఉన్న చిన్న నాలుగు చక్రాల బండి. కాళ్లు అటూ ఇటూ వేసి హ్యాండిల్ పట్టుకుని తోలే ఏటీవీ వేరు. ఇది జీపుకి తమ్ముడు, ట్రాక్టరుకి మేనల్లుడు అనుకోండి.

చాలామంది నన్ను అడిగే మొదటి ప్రశ్న, "అన్నా, ఎన్ని హార్స్‌పవర్?" నేను అడిగేది వేరే: మీరు వెళ్లే దారి ఎంత వెడల్పు? మా ఊళ్లో డొంకదారిలోకి వరికోత మిషను దూరదు, ట్రాక్టరు దూరుతుంది. మిషను కొనే ముందే రైతు ఆ లెక్క చూసుకుంటాడు. ఇక్కడ 20 వేల డాలర్లు పెట్టేవాళ్లు మాత్రం చూసుకోరు. అమెరికా నేషనల్ ఫారెస్టుల్లో కొన్ని దారులు 50 అంగుళాలు, అంతకన్నా సన్నటి బళ్లకే. దారి మొదట్లో రెండు గుంజలు పాతి ఉంటాయి, దూరితే దూరినట్టు, లేకపోతే ఇంటికి. పొలారిస్ కంపెనీ వాళ్ల ఆర్‌జెడ్‌ఆర్ బండి 2007లో మొదటిసారి వచ్చినప్పుడు సరిగ్గా 50 అంగుళాలు ఉండటం ఊరికే జరిగింది కాదు. ఇప్పుడు అదే పేరుతో వచ్చే ప్రో ఆర్ 74 అంగుళాలు. ఇసుక దిబ్బల మీద, తెరిపి ఎడారిలో అది మహారాజు. చెట్ల మధ్య దారిలో మాత్రం పెళ్లి ఊరేగింపు ఏనుగులా ఉంటుంది.

ఏ దారి ఏ బండికి తెరిచి ఉందో ఫారెస్ట్ సర్వీస్ వాళ్లే మ్యాపు వేసి ఉచితంగా ఇస్తారు. మోటార్ వెహికల్ యూజ్ మ్యాప్ అంటారు. చూడటానికి కరెంటు ఆఫీసు నక్షాలా నలుపు తెలుపుల్లో బోరుగా ఉంటుంది, కానీ రేంజరు అడిగినప్పుడు చెల్లేది అదే, మీ ఫోన్లో రంగురంగుల యాప్ కాదు. మీ ఇంటికి రెండు గంటల దూరంలో ఉన్న దారులన్నీ ఆ మ్యాపులో చూడండి. 50 అంగుళాల దారులే ఎక్కువుంటే 50 అంగుళాల బండి, లేకపోతే 64 లోపు. నా మటుకు 72 అంగుళాల బండి కుటుంబంతో కొండల్లో తిరిగేవాళ్లకి అనవసరం. ఇంకో తమాషా కూడా చూశాను. కష్టపడి 64 అంగుళాల బండి వెతికి కొంటారు, నెల తిరక్కుండా అందం కోసం చక్రాలు బయటికి నెట్టే స్పేసర్లు బిగిస్తారు. దారి మొదట్లో గుంజలు మాత్రం జరగవు కదండీ.

రెండోది సీట్లు. ఇక్కడ నేను కాస్త గట్టిగా మాట్లాడతాను. బండి వెనక సీట్లో పిల్లవాణ్ణి కూర్చోబెట్టండి. వీపు సీటుకి ఆనించి ఉండగా పాదాలు రెండూ నేల మీద పూర్తిగా ఆనాలి, చెయ్యి పిడికి అందాలి. అందకపోతే ఆ పిల్లవాడు ఇంకా ఈ బండికి ఎదగలేదు. ఇది నా చాదస్తం కాదు, ఈ బళ్ల తయారీదార్లు కలిసి పెట్టుకున్న భద్రతా నియమం. బండి ఒరిగేటప్పుడు మనిషి సహజంగా చెయ్యి బయటికి చాపుతాడు, దెబ్బలు ఎక్కువగా తగిలేది అక్కడే. మా వాడికి ఏడేళ్లప్పుడు పాదాలు ఆనలేదు. సంవత్సరం ఆగాం. రోజూ గోడ దగ్గర నిలబడి ఎత్తు కొలుచుకునేవాడు పాపం.

ఇక ఇంజను నుంచి చక్రాలకి బలం ఎలా వెళ్తుందన్నది. దీని మీద కాస్త ఎక్కువసేపు ఉంటాను, ఎందుకంటే నేను దెబ్బ తిన్నది ఇక్కడే. ఈ బళ్లలో ఎక్కువ వాటికి గేరుబాక్సు ముందు రెండు పుల్లీలు, మధ్యలో ఒక రబ్బరు బెల్టు ఉంటాయి. ఊళ్లో పిండిమర చూశారుగా, పట్టా జారితే కాలిన వాసన వస్తుంది, మిల్లు అతను గోధుమలు కొంచెం కొంచెంగా పొయ్యమని అరుస్తాడు. అచ్చం అదే. కొనే ముందు ఒకసారి బండి అద్దెకి తీసుకుని బ్రాడ్‌షా కొండల్లో క్రౌన్ కింగ్‌కి వెనక దారిలో వెళ్లాం. క్రౌన్ కింగ్ పాత బంగారు గనుల ఊరు, ఎడారి నుంచి ఎక్కుతూ ఎక్కుతూ పోతే ఉన్నట్టుండి పైన్ చెట్లు వస్తాయి. రాళ్ల మీద మెల్లగా ఎక్కేటప్పుడు నెమ్మదిగా, బలంగా లాగే లో గేరులో వెయ్యాలి. నేను కారు అలవాటుతో హై గేరులోనే తొక్కాను. మొదట మాడిన రబ్బరు వాసన, తర్వాత టప్‌మని శబ్దం, ఆ తర్వాత ఇంజను రొద చేస్తోంది, బండి కదలదు. స్పేర్ బెల్టు లేదు. ఫోన్ సిగ్నల్ లేదు. బెల్టు ఏ మోడల్‌ది ఆ మోడల్‌కే, దారిన పోయేవాళ్లది మనకి పనికిరాదు. మూడు గంటల తర్వాత ఒక పెద్దాయన తన జీపుకి కట్టి కిందికి లాగాడు. తప్పు నూటికి నూరుపాళ్లు నాదే.

కాబట్టి బెల్టు బండి కొంటే మూడు అలవాట్లు చేసుకోండి. గంటకి 15 మైళ్ల లోపు తోలుతున్నంతసేపు లో గేరులో ఉంచండి. సీటు కింద ఒక కంపెనీ బెల్టు, అది మార్చడానికి కావలసిన పానాలు పెట్టుకోండి. ఆ బెల్టు మార్చడం ఇంటి దగ్గర, నీడలో, టీ తాగుతూ ఒకసారి చేసి చూడండి. మొదటిసారి నేర్చుకోవలసింది ఎడారిలో కాదు. కొత్త బెల్టు వేశాక మొదటి కొన్ని మైళ్లు మెత్తగా తోలితే ఎక్కువకాలం వస్తుంది. యమహా వుల్వరిన్ ఆర్‌మ్యాక్స్ మీద బెల్టుకి పదేళ్ల వారంటీ ఇస్తుంది, అది చూడదగ్గ బండే. హోండా దారి వేరు. పయనీర్ 1000లో, టాలన్‌లో బెల్టే లేదు, కారులో ఉన్నట్టు గేర్లతో రెండు క్లచ్చుల ఆటోమేటిక్. బెల్టు బండి రాళ్ల మీద వెన్నలా పాకుతుంది, గేర్ల బండి కాళ్ల కింద గేరు మారడం తెలుస్తుంది. నాకు రెండోదే నచ్చింది. వాసన చూసిన ముక్కు మర్చిపోదు.

మేము తీసుకున్నది పయనీర్ 1000-5. వెనక తొట్టిలోంచి రెండు సీట్లు పైకి మడత విప్పుకుంటాయి. పిల్లలొస్తే సీట్లు, రాకపోతే సామాను తొట్టి. వేగం కోసం చూసేవాళ్లు ఈ బండి జోలికి రావద్దు, గతుకుల మీద ఎగరడానికి ఇది పుట్టలేదు. పని బండి, పనిమంతుడిలా ఉంటుంది.

పాతది కొనేవాళ్లకి ఒక్క పరీక్ష చెబుతాను. ఎయిర్ ఫిల్టర్ తీయించండి. ఫిల్టరు అవతల, ఇంజను వైపు పైపులో వేలు పెట్టి తిప్పండి. వేలికి దుమ్ము అంటితే ఆ దుమ్ము ఇంజను లోపలికీ వెళ్లినట్టే. అక్కడికక్కడే నమస్కారం పెట్టి వచ్చేయండి, బండి ఎంత మెరుస్తున్నా సరే. తర్వాత ఆ బండి గుర్తింపు నంబరు (వీఐఎన్)తో రీకాల్స్, అంటే లోపం ఉందని కంపెనీ వెనక్కి పిలవడాలు, ఏమన్నా ఉన్నాయేమో చూడండి. 2016 ఏప్రిల్‌లో ఒక పెద్ద కంపెనీ మంటలు అంటుకునే ప్రమాదం ఉందని సుమారు 1,33,000 బళ్లని వెనక్కి పిలిచింది. పాత బళ్ల సంతలో అలాంటివి మరమ్మతు అయి ఉన్నాయో లేదో చూసుకోవలసింది మనమే. కొత్తదైనా పాతదైనా ఒక మంటలార్పే సిలిండరు చేతికందే చోట, ఒక్క గుంజుతో ఊడేలా బిగించండి. సీటు కింద పెట్టి దాని మీద కూలర్ పెట్టేవాళ్లని చూశాను.

సరే, కొన్నాం. ఇంటికి ఎలా తేవాలి? మన తెలుగువాళ్లలో సగం మందికి సియెన్నాయో ఒడిస్సీయో, అంటే కుటుంబ వ్యాను, ఉంటుంది. కాగితం మీద అవి 3,500 పౌండ్లు లాగుతాయి. బండి 1,700 దరిదాపు, ట్రైలరు ఇంకో వెయ్యి. లెక్క సరిపోయింది కదా అనుకున్నా. లోపల ఐదుగురం, కూలరు, నీళ్లు, హెల్మెట్లు, జూన్ ఎండలో కొండ ఎక్కడం, అప్పుడు లెక్క మారిపోతుంది. చివరికి పాత పికప్ ఒకటి కొన్నాను. అది చాలదని మా కాలనీ సంఘం (హెచ్‌ఓఏ) వాళ్లు డ్రైవ్‌వేలో ట్రైలరు పెట్టకూడదన్నారు. దానికి నెలనెలా స్టోరేజి అద్దె. మా ఆవిడ అంది, "పెళ్లిలో మీ నాన్నగారు ఇంతమందికి బట్టలు పెట్టలేదండీ, ఈ బండి చుట్టాలకి పెడుతున్నంత."

ఇప్పుడు బిగించిన సామాను. షోరూములో మొదట చూపించేది లైట్ బార్, పాటల స్పీకర్లు. నేను మొదట కొన్నది పైకప్పు, హెల్మెట్లు. అరిజోనాలో 18 ఏళ్ల లోపు వాళ్లకి హెల్మెట్ చట్టం, మా ఇంట్లో అందరికీ చట్టం. తర్వాత ముందు అద్దం, ఇక్కడ ఒక మెలిక ఉంది. ముందు నిండు అద్దం పెట్టి వెనక ఖాళీగా వదిలేస్తే, బండి వెళ్తుంటే వెనక దుమ్ము సుడి తిరిగి లోపలికి వస్తుంది. మెడ మీద, వీపు మీద, పులిహోర డబ్బా మీద. అందుకే వెనక కూడా ఒక పలక వెయ్యాలి, లేదా ముందు సగం అద్దమే పెట్టుకోవాలి. దుమ్మంటే ఇక్కడ తుమ్ములతో పోయేది కాదు. ఈ ఎడారి మట్టిలో వ్యాలీ ఫీవర్ తెచ్చే ఫంగస్ ఉంటుంది, ఊపిరితిత్తులకి పట్టుకుంటే నెలల తరబడి దగ్గు, నీరసం. పిల్లలకి మాస్కులు వేస్తాం. ముందు బండికీ మాకూ మధ్య దుమ్ము సద్దుమణిగేంత దూరం ఉంచుతాం.

తర్వాత టైర్లు. సైజు పెంచలేదు, పెద్ద టైరు వేస్తే అందంగా ఉంటుంది గానీ ఆ బరువంతా క్లచ్చు, యాక్సిల్ మోయాలి. అదే సైజులో 8 ప్లై, అంటే 8 పొరల మందం ఉన్నవి వేయించాను. పంక్చర్ వేసుకునే ప్లగ్గులు, చిన్న గాలి మిషను. దీంతోపాటు ఒక పళ్ల దువ్వెన. నవ్వకండి. ఇక్కడ చోయా అని ఒక జెముడు మొక్క ఉంటుంది, తగిలీ తగలకముందే ముక్క ఊడొచ్చి కాలికి అతుక్కుంటుంది. చేత్తో లాగితే చేతికి అంటుకుంటుంది. దువ్వెన సందులో పెట్టి ఒక్క విసురు విసరాలి.

ఇరుక్కున్న బండిని లాగే వించ్ 4,500 పౌండ్లది, ఇనుప తీగ కాకుండా సింథటిక్ తాడు. తెగితే ఇనుప తీగ కొరడాలా వచ్చి కొడుతుంది, తాడుకి అంత ఊపు ఉండదు. అయినా లాగేటప్పుడు దాని మీద ఒక బరువైన గుడ్డ వేస్తాను, పిల్లల్ని దూరంగా నిలబెడతాను. చెట్టుకి కట్టేందుకు వెడల్పు పట్టీ వాడండి, తాడు నేరుగా చుడితే చెట్టు తొక్క లేచిపోతుంది. మాట్లాడుకునే రేడియోలకి జీఎంఆర్‌ఎస్ అనే లైసెన్సు 35 డాలర్లు, పరీక్ష లేదు, పదేళ్లు చెల్లుతుంది, ఇంటిల్లిపాదికీ ఒకటే. సిగ్నల్ లేనిచోట శాటిలైట్ మెసెంజరు ఒకటి పెట్టుకున్నాం, ఆ మూడు గంటలు గుర్తున్నాయి కాబట్టి. నంబరు ప్లేటు, వెనక చూసే అద్దం, హారన్ ఉన్నాయి కాబట్టి దారి నుంచి పెట్రోలు బంకు దాకా రోడ్డు మీదే వెళ్లొచ్చు. ఏటా 25 డాలర్ల ఓహెచ్‌వీ (రోడ్డు కాని దారుల్లో తిరిగే బండి) స్టిక్కరు మర్చిపోకండి.

లైట్ బార్ కూడా కొన్నాను, అబద్ధం ఎందుకు. రాత్రి దుమ్ములో అది వేస్తే ఎదురుగా తెల్లగోడ కట్టినట్టు ఉంటుంది. ఇప్పటికి రెండుసార్లు వెలిగింది, రెండూ మా తోడల్లుడు గారికి చూపించడానికే.

అదిగో మా వాడు పిలుస్తున్నాడు, తనే గాలి కొలిచాడట, కుడి వెనక టైరు ఇంకా 15లో ఉందంటున్నాడు. అది కూడా దింపి లోపలికి వెళ్తాం. మీ దగ్గర దారుల వెడల్పు ఎంతో, మీకు కూర్చోవాల్సినవాళ్లు ఎంతమందో కింద రాయండి, బండి పేరు అప్పుడు చెబుతాను.