డాలర్లను రూపాయల్లోకి మార్చకండి

యాంకర్: నమస్కారం. అమెరికాలో ఇంటిఖర్చులు ఎలా ఉంటాయి, మన దగ్గర ఎలా ఉంటాయి అన్న ఈ చర్చకి మన విజయవాడ స్టూడియోకి ముగ్గురు వచ్చారు. ఎకనామిక్స్ లెక్చరర్ గారు, డాలస్‌లో కూతురి దగ్గర ఆరు నెలలు ఉండి వచ్చిన రిటైర్డ్ బ్యాంకు మేనేజర్ గారు, సత్యనారాయణపురం నుంచి ఒక గృహిణి. మేనేజర్ గారూ, అక్కడ అన్నీ ఖరీదేనా?

మేనేజర్: మొదటి నెలంతా నాకు అదే పని అండీ. కొత్తిమీర కట్ట చూసినా రూపాయల్లోకి మార్చడం. మా అమ్మాయి విసుక్కుంది. ‘నాన్నా, ఆ లెక్కలు ఆపు, లేకపోతే ఇక్కడ ఏమీ తినలేవు’ అని.

లెక్చరర్: అమ్మాయి చెప్పిందే కరెక్టు. ధర కాదు, మొత్తం ఖర్చులో వందకి ఎంతో చూడాలి. 2023లో అమెరికాలో సగటు కుటుంబం పెట్టిన ఖర్చు 77,280 డాలర్లు. వందకి 33 ఇంటికే, 17 బండికీ ప్రయాణాలకీ, తిండికి 13. మన దేశంలో 2023-24 ఇంటిఖర్చుల సర్వేలో తిండికే పట్టణాల్లో దాదాపు 40, పల్లెల్లో 47.

గృహిణి: అంటే మేం ఎక్కువ తింటున్నామనా?

లెక్చరర్: (నవ్వుతూ) కాదమ్మా. 1857లోనే ఎర్న్‌స్ట్ ఎంగెల్ అనే జర్మన్ గణాంకవేత్త బెల్జియం కార్మికుల ఇంటిఖర్చులు చూసి తేల్చాడు. ఆదాయం పెరిగేకొద్దీ తిండి వాటా తగ్గుతుందని. తిండి కాదు, వాటా. మన పల్లెల్లోనూ 1999-2000లో అది 59. ఇంకోటి, మన పట్టణాల 40లో బియ్యం, గోధుమల్లాంటి వాటికి నాలుగు కూడా పోవడం లేదు. టీ, కాఫీలు, ప్యాకెట్ తిండి, బయటి వంటకాలు కలిపితే 11.

గృహిణి: ఆ పదకొండూ మా అబ్బాయి ఫోన్లోనే ఉంది!

మేనేజర్: అక్కడ పాలకి కూడా కారు తీయాలండీ. మనకి వీధి చివర కొట్టు ఉంది. ఇక ఇల్లంటారా, టెక్సస్‌లో రాష్ట్రానికి ఆదాయపు పన్ను లేదు గానీ ఇంటి పన్ను వాచిపోతుంది. అయితే గవర్నమెంటు స్కూళ్లు చాలావరకు దాని మీదే నడుస్తాయి. మా మనవడికి ఫీజు లేదు.

గృహిణి: అదీ అసలు సంగతి! సర్వేలో చదువుకి ఎంత అన్నారు సార్?

లెక్చరర్: అక్కడ వందకి రెండు. మన పట్టణాల్లో ఆరు దాకా.

గృహిణి: ఆరా? విజయవాడలో ఇంటర్ చదివే పిల్లాడున్న ఇంట్లో అడగండి ఆ మాట!

లెక్చరర్: చదివే పిల్లల్లేని ఇళ్లు కూడా ఆ సగటులో కలిసిపోతాయి. అందుకే మీకు తప్పనిపిస్తుంది. మీ కోపం న్యాయమే.

గృహిణి: నా ఖర్చుల పుస్తకం తెచ్చాను, చూడండి. ఇది మే నెల. పేజీ చాలక అంచుల్లో కూడా రాశాను. ఆవకాయ కాయలు, నువ్వుల నూనె, గుంటూరు కారం, ఆవపిండి. కిందనే కాలేజీ మొదటి వాయిదా.

యాంకర్: ఇక్కడ ఎర్ర ఇంకుతో ‘గాజులు’ అని ఉందేమిటండీ? కొన్నారా?

గృహిణి: కొనడమా! బ్యాంకులో పెట్టాం. ఆ వాయిదా కట్టింది వాటితోనే.

మేనేజర్: మా బ్రాంచిలో జూన్ వస్తే గోల్డ్ లోన్ల దగ్గర క్యూ ఉండేది. చాలామంది ఫీజులకే.

యాంకర్: విడిపించారా మరి?

గృహిణి: ఒక జత. రెండోది వాడి ఇంటర్ అయ్యాకే.