గని పూడ్చిన నేలలో మళ్లీ పచ్చిక: తడి పెట్టే ముందు చూడాల్సినవి

నమస్కారం. గని తవ్వకం అయిపోయింది, గుంత పూడ్చారు, పైన మట్టి పరిచి చదును చేశారు. ఇప్పుడు ఆ నేలలో నీళ్లు పెట్టి పచ్చిక పెంచాలి. ఈ పని మొదలుపెట్టేవాళ్లు ముందుగా అడిగేది పంపు ఎంతది, పైపులు ఏవి అని. నేను మాత్రం ఈ వీడియోలో ఎక్కువసేపు మట్టి గురించే మాట్లాడతాను. మట్టి నీళ్లు తాగలేకపోతే ఎంత మంచి స్ప్రింక్లర్ పెట్టినా గడ్డి నిలవదు.

ఇదిగో, ఇక్కడ గునపం దింపుతున్నాను. పైన జానెడు లోతు సులువుగా దిగింది. ఆ కింద చూడండి, ఆగిపోయింది. డంపర్లు, డోజర్లు తిరిగి తిరిగి గట్టిపడిన పొర అది. వేరు అక్కడిదాకా వచ్చి పక్కకు తిరుగుతుంది, నీరు పైనే నిలుస్తుంది. దీన్ని డోజర్ వెనక బిగించే పొడవాటి ఇనుప కొమ్ము, అంటే రిప్పర్‌తో లోతుగా చీల్చాలి. నేల పొడిగా ఉన్నప్పుడే చేయండి. తడి మీద చేస్తే మట్టి పగలదు, రిప్పర్ దాన్ని కోసుకుంటూ పోతుందంతే. వాలుకు అడ్డంగా నడపండి. ఆ తర్వాత బరువైన బండి ఏదీ ఎక్కనివ్వకండి.

ఇప్పుడు ఒక చిన్న పరీక్ష. గాజు గ్లాసులో డిస్టిల్డ్ వాటర్ పోశాను. శనగగింజంత ఎండు మట్టిబెడ్డ ఇలా మెల్లగా వదలండి. కలపొద్దు, కదపొద్దు. కొన్ని గంటల తర్వాత బెడ్డ చుట్టూ పాలలాంటి మసక కమ్ముకుంటే, బంకమట్టి రేణువులు విడిపోతున్నాయన్నమాట. చాలావరకు సోడియం ఎక్కువైతేనే ఇలా అవుతుంది. అంటే కారు చౌడు లక్షణం. తడి పెట్టగానే పైన పెచ్చు కట్టేసి మొలకను బయటికి రానివ్వదు. దీనికి జిప్సం వేయాలి, ఎంత అన్నది ల్యాబ్ రిపోర్టు చూసి. కుళాయి నీళ్లతో ఈ పరీక్ష చేయకండి. అందులోని లవణాలు అసలు లోపాన్ని కప్పేస్తాయి.

ఇంకో ప్రమాదం పైకి కనిపించదు. గని రాతిలో పైరైట్, అంటే ఇనుము, గంధకం కలిసిన ఖనిజం ఉంటే అది గాలి, నీరు తగిలి సల్ఫ్యూరిక్ ఆమ్లంగా మారుతుంది. ఈరోజు పీహెచ్ 7, అంటే పులుపూ క్షారమూ కాని స్థితి, చూపించిన మట్టే కొంతకాలానికి ఏమీ మొలవనంత పుల్లబడొచ్చు. అందుకే పీహెచ్ ఒక్కటే చూసి సరిపెట్టుకోకండి, పైరైట్ గంధకం ఎంతుందో కొలవమని ల్యాబ్‌ను అడగండి. లెక్క ఇది: 1 శాతం పైరైట్ గంధకం ఉంటే, టన్ను మట్టికి సుమారు 31 కిలోల స్వచ్ఛమైన సున్నపురాయి పొడి కావాలి. హెక్టారులో పై 20 సెంటీమీటర్ల మట్టి దాదాపు 3,000 టన్నులు అనుకుంటే, సున్నమే 94 టన్నుల దాకా పడుతుంది! అంత సున్నం మోసే కన్నా, పూడ్చేటప్పుడే ఆ రాతిని అడుగున పెట్టించడం ఎంతో మేలు. పూడిక ఇంకా నడుస్తుంటే ఈ మాట ఇప్పుడే పట్టుబట్టి అడగండి.

ఇక నీళ్లు. గని గుంతలో నిలిచిన నీళ్లే వాడాలనుకుంటే ముందు ఈసీ (నీటిలో విద్యుత్ ఎంత పారుతుందో చూసి లవణాలు అంచనా వేసే కొలత), సోడియం, లోహాలు పరీక్ష చేయించండి. ఈసీ మీటరుకు 1 డెసిసీమెన్ ఉన్న నీళ్లు బాగానే ఉన్నట్టు అనిపిస్తాయి. కానీ లీటరుకు సుమారు 640 మిల్లీగ్రాముల లవణం ఉంటుంది. ఒక కాలంలో 500 మిల్లీమీటర్ల తడి ఇస్తే హెక్టారుకు 3 టన్నులకు పైగా ఉప్పు చేరినట్టే. వేర్ల కిందికి దాన్ని కడిగేందుకు కొంత నీరు అదనంగా ఇవ్వాలి. మరీ ఎక్కువైతే ఆ నీరు పూడికలోంచి ఊటగా దిగి, వాలు కింద ఉప్పుగా తేలుతుంది. కాబట్టి తడి తర్వాత గొయ్యి తీసి, ఎంత లోతు తడిసిందో చూసి సరిచేసుకోండి.

పూడ్చిన నేల కొన్నేళ్లపాటు ఎగుడుదిగుడుగా కుంగుతూనే ఉంటుంది. మొదట్లోనే మళ్లు కట్టి పారించే పద్ధతి పెట్టుకోకండి, పల్లాల్లో నీరు నిలిచి గడ్డి కుళ్లుతుంది. కుంగడం ఆగేదాకా స్ప్రింక్లర్లే నయం.

విత్తనానికి గడ్డి, పప్పుజాతి కలిపి చల్లండి. ఉప్పు ఉన్నచోట రోడ్స్ గడ్డి, గరిక తట్టుకుంటాయి. లూసర్న్ లాంటి పప్పుజాతి మేతల విత్తనానికి సరైన రైజోబియం (వేళ్లలో చేరి గాలిలోని నత్రజనిని మొక్కకు అందించే సూక్ష్మజీవి) పట్టించాలి, ఎందుకంటే ఎక్కువకాలం గుట్టగా పోసి ఉంచిన పైమట్టిలో సూక్ష్మజీవులు బాగా తగ్గిపోతాయి.

పశువుల్ని వదిలే ముందు రెండు పనులు. గుప్పెడు గడ్డి పట్టి, పశువు కొరికినట్టు లాగండి. ఆకు తెగితే సరే, వేరుతో సహా ఊడొస్తే ఇంకా ఆగాలి. రెండోది, మేతలో రాగి, మాలిబ్డినం కొలిపించండి. క్షార నేలల్లో పప్పుజాతి మేత మాలిబ్డినాన్ని ఎక్కువగా పీల్చుకుంటుంది. రాగి దానికి రెండింతల కన్నా తక్కువుంటే ఆవులకు రాగి లోపం వస్తుంది: విరేచనాలు, వెంట్రుకలు వెలిసిపోవడం. అలాగని మీరే రాగి మందు పెట్టేయకండి. గొర్రెలకు కాస్త ఎక్కువైనా అది విషమే. రిపోర్టు పశువైద్యుడికి చూపించి, ఆయన చెప్పిన మోతాదే ఇవ్వండి.