నెలాఖరు వరకే ఆ పాత మిషన్

(విశాఖపట్నంలో ముద్రణ వృత్తిలో ఉన్నవారి ఆత్మీయ సమావేశంలో చేసిన ప్రసంగం)

వేదిక మీది పెద్దలకు, ప్రెస్సు మిత్రులకు, బైండింగు పని చేసే అక్కచెల్లెళ్లకు, భోజనాల వాసన వస్తున్నా కదలకుండా కూర్చున్న అందరికీ నమస్కారం.

కొత్త సాంకేతికత గురించి అయిదు నిమిషాలు మాట్లాడమన్నారు. క్షమించాలి, నేను పాతదాని గురించే మాట్లాడతాను. ఈ నెలాఖరుకు డాబాగార్డెన్స్‌లోని మా డీటీపీ షాపు మూసేస్తున్నాను. పుస్తకాలకు, కార్డులకు పేజీలు కూర్చే పాత సాఫ్ట్‌వేర్ పేజ్‌మేకర్ ఉన్న నా ఆఖరి కంప్యూటర్ మిషన్ కూడా దానితోనే ఆగిపోతుంది.

కుర్రవాళ్లు నవ్వుతున్నారు. నవ్వండి. 2001లో వచ్చిన 7.0 తర్వాత దానికి మరో వెర్షన్ లేదు. 2004లో దాన్ని తయారుచేసే అడోబీ కంపెనీ ఇక చాలించింది. కన్నవాళ్లు వదిలేశాక కూడా మనం దాన్ని సాకాం. నిజానికి కన్నది అడోబీ కాదు లెండి. 1985లో ఆల్డస్ అనే కంపెనీ తెచ్చింది, 1994లో ఆ కంపెనీనే అడోబీ కొనుక్కుంది. అయిదు వందల ఏళ్ల కిందట వెనిస్‌లో పుస్తకాలు అచ్చువేసిన ఆల్డస్ మనూషియస్ పేరు అది. మన వృత్తివాడే! అది తెలిసిన రోజు నుంచి నాకు ఆ సాఫ్ట్‌వేర్ మీద చుట్టరికం కలిసింది.

అందులో పేజీ చుట్టూ ఖాళీ జాగా ఉంటుంది, పేస్ట్‌బోర్డ్. అక్కడ పెట్టిన వస్తువు ఏ పేజీకి వెళ్లినా కనిపిస్తూనే ఉంటుంది. నా పెళ్లి కార్డుల ఫైలు తెరిస్తే ఒక వినాయకుడు, రెండు అరటి చెట్లు, ‘మా మామయ్య పెళ్లికి తప్పక రండి’ అనే చిన్నారుల విన్నపం. ముహూర్తాల రోజుల్లో వాటిని లోపలికి లాగి పేర్లు మార్చడమే పని.

పోర్టులో పనిచేసి రిటైరైన ఒక పెద్దాయన నా దగ్గర కవితల పుస్తకం చేయించుకున్నారు. ఏడు ప్రూఫులు! వినండి, ఏడు! ఏడోదానిలో ఒక కవిత మొత్తం కొట్టేశారు. పోయిన భార్య మీద రాసింది. ‘ఇది జనానికెందుకు బాబూ’ అన్నారు. నేను చెరపలేదు, పక్కకు లాగి పెట్టాను. ఎనిమిదో ప్రూఫులో మళ్లీ కావాలంటారని నా అనుమానం. ఎనిమిదో ప్రూఫు రాలేదు. పుస్తకం అచ్చయింది, ఆయనా వెళ్లిపోయారు. మొన్న షాపు సర్దుతూ ఆ ఫైలు తెరిస్తే కవిత అక్కడే ఉంది.

ఇప్పుడు చదివి వినిపించను. జనానికెందుకన్నారు కదా. ఆయన కూతురు ఈ సభలోనే ఉన్నారు. ప్రింటు తీసి కవర్లో పెట్టానమ్మా, భోజనాల దగ్గర ఇస్తాను.

ఇక నా బాధ. మనం ‘అను’ అనే పాత తెలుగు ఫాంట్లలో కొట్టిన తెలుగు యూనికోడ్ తెలుగు కాదు, అంటే ఏ కంప్యూటర్లోనైనా ఒకేలా చదవగలిగే ఉమ్మడి సంకేతాల తెలుగు కాదు. లోపల ఉన్నవి ఇంగ్లీషు అక్షరాల సంకేతాలు, పైన ఫాంటు తెలుగు తొడుగు తొడిగింది. గుడి, ఒత్తు, తలకట్టు దేని ముక్క దానిదే. ఆ ఫాంటు లేని కంప్యూటర్లో తెరిస్తే పిచ్చి గీతలు. 1991 నాటి తొలి యూనికోడ్‌లోనే తెలుగుకు చోటుంది. అప్పుడు మనం ఇంకా సీసపు అక్షరాలు ఏరుతున్నాం, అది వేరే సంగతి. తర్వాతైనా మారామా? పని నడుస్తోంది కదా అని నేను బద్ధకించాను. మీరూ బద్ధకించారు, తల దించుకోవద్దు. పేజ్‌మేకర్ స్థానంలో అడోబీ తెచ్చిన ఇన్‌డిజైన్, ఇప్పటిది, మన పేజ్‌మేకర్ ఫైళ్లను తెరవను కూడా తెరవదు.

సావనీర్లు, శతకాలు, గుడి చరిత్రలు, సంఘాల నివేదికలు... ఎన్ని మన బీరువాల్లో పడి ఉన్నాయో! హుద్‌హుద్ తుఫాను రోజున, 2014 అక్టోబరు 12న, షట్టరు వంగి షాపులోకి నీళ్లొస్తే ఈ మిషన్‌ను ఫ్లెక్సులో చుట్టి అటక ఎక్కించాను. పక్కనున్న రెండోది తడిసిపోయింది.

అధ్యక్షులవారు గడియారం చూస్తున్నారు, అయిపోయిందండీ. నెలాఖరు వరకు రోజూ సాయంత్రం మిషన్ ఆన్‌లో ఉంచుతాను. మీ పాత సీడీలు తీసుకురండి. తెరిచి, ప్రింటు తీసి, యూనికోడ్‌లోకి మార్చి ఇస్తాను. డబ్బులొద్దు, టీ మీరు తాగించండి. ఫ్లాపీలు మాత్రం తేవద్దు. ఆ డ్రైవు తడిసినదానిలోనే ఉండిపోయింది.