బీటా కణం చావకముందే పని ఎందుకు మానేస్తుంది?

[తెర మీద: క్లోమం బొమ్మ, మెల్లగా జూమ్]

నమస్కారం. టైప్-1 షుగర్ ఎందుకొస్తుందంటే, "మన రోగనిరోధక కణాలే ఇన్సులిన్ కణాలను చంపేస్తాయి" అని చెప్తారు. నిజమే. ఆ ఇన్సులిన్ కణాల పేరే బీటా కణాలు, క్లోమంలో ఉంటాయి. కానీ చావడానికి ముందే చాలా బీటా కణాలు బతికుండీ పని మానేస్తాయి. ఈ వీడియో ఆ దశ గురించి.

[యానిమేషన్: ఒకే ఒక బీటా కణం, బాగా దగ్గరగా]

మీరు నాలుగు ఇడ్లీలు తిన్నారనుకోండి. రక్తంలో పెరిగిన గ్లూకోజ్ ఈ కణంలోకి వస్తుంది. కణంలో శక్తి కేంద్రమైన మైటోకాండ్రియా దాన్ని వాడుకుని ఏటీపీ అనే ఇంధనం తయారుచేస్తుంది. ఏటీపీ పెరగ్గానే పొటాషియం దారులు మూసుకుంటాయి, కాల్షియం దారులు తెరుచుకుంటాయి. కాల్షియం లోపలికి రాగానే ఇన్సులిన్ గుళికలు బయటపడతాయి. అంతా నిమిషాల్లో జరిగిపోతుంది. ఏటీపీ తగ్గితే మాత్రం మొత్తం ఆగిపోతుంది.

[యానిమేషన్: చుట్టూ రోగనిరోధక కణాలు, వాటి నుంచి రంగు చుక్కలు]

ఈ చుక్కలే సైటోకైన్లు. రోగనిరోధక కణాలు ఒకదానికొకటి కబురు పంపుకునే ప్రోటీన్లు. ఇక్కడ ముఖ్యమైనవి ఇంటర్‌ల్యూకిన్-1 బీటా, టీఎన్‌ఎఫ్ ఆల్ఫా, ఇంటర్‌ఫెరాన్ గామా.

వీటిలో ఇంటర్‌ల్యూకిన్-1 బీటా అనేది బీటా కణాలను నేరుగా దెబ్బతీస్తుందని 1986లో డెన్మార్క్ పరిశోధకులు చూపించారు. వింతేమిటంటే, కొద్దిగా, కొద్దిసేపు తగిలితే ఇన్సులిన్ కాస్త పెరుగుతుంది కూడా. ఎక్కువసేపు తగిలితేనే చేటు. ఆ కబురు అందగానే కణంలో ఎన్ఎఫ్-కప్పాబీ అనే స్విచ్ పడుతుంది, నైట్రిక్ ఆక్సైడ్ తయారవుతుంది. అది మైటోకాండ్రియాను అడ్డుకుంటుంది. ఏటీపీ పడిపోతుంది. గుళికలు లోపలే ఉంటాయి, బయటికి రావు. పైగా ఇలాంటి రసాయనాల ధాటిని తట్టుకునే కెటలేజ్ లాంటి ఎంజైములు బీటా కణంలో చాలా తక్కువ.

ఒక్క మాట. ఇదంతా ఎలుకల కణాల్లో స్పష్టంగా కనిపించింది. మనిషి కణాల్లో ఇంటర్‌ల్యూకిన్-1 ఒక్కటే సరిపోదు, మిగతావి కూడా తోడవ్వాలి. నైట్రిక్ ఆక్సైడ్ పాత్ర కూడా తక్కువే.

[యానిమేషన్: కణం పైపొర మీద జెండాల్లా లేస్తున్న ప్రోటీన్లు]

నాకు అన్నిటికన్నా ఆశ్చర్యం ఇంటర్‌ఫెరాన్ గామా చేసే పని. జాక్-స్టాట్ అనే మార్గం గుండా అది బీటా కణం చేత, లోపలి ముక్కలను రోగనిరోధక కణాలకు చూపించే హెచ్ఎల్ఏ ప్రోటీన్లను పైపొర మీద విపరీతంగా పెట్టిస్తుంది. సీఎక్స్‌సీఎల్10 అనే పిలుపును కూడా వదిలిస్తుంది. దాంతో చంపే పని చేసే రోగనిరోధక కణాలు, అంటే టీ కణాలు, నేరుగా అక్కడికే వస్తాయి. అంటే బీటా కణం తన అడ్రస్ తనే ఇచ్చేస్తోంది! అందుకే "ఇమ్యూనిటీ పెంచుకుంటే షుగర్ పోతుంది" అంటూ పొడులు అమ్మేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. ఇక్కడ ఇమ్యూనిటీకి ఏ లోటూ లేదు.

[తెర మీద: మాత్ర, ఇంజెక్షన్ బొమ్మలు]

మరి ఈ కబుర్లను ఆపేస్తే? ఇంటర్‌ల్యూకిన్-1 ఒక్కదాన్నే అడ్డుకునే మందులను కొత్తగా టైప్-1 వచ్చినవాళ్లకు ఇచ్చి చూశారు. 2013లో ఫలితాలొచ్చాయి, లాభం లేదు. టీఎన్‌ఎఫ్‌ను ఆపే గోలిముమాబ్ మాత్రం 2020లో పనిచేసింది. 2023లో ఆస్ట్రేలియా పరిశోధకులు జాక్ మార్గాన్ని మూసే బారిసిటినిబ్ మాత్రను 91 మంది మీద పరీక్షించారు. 48 వారాల తర్వాత, మాత్ర వాడినవాళ్లలో సొంత ఇన్సులిన్ ఎక్కువగా మిగిలింది. ఇన్సులిన్‌తో పాటే శరీరంలో తయారయ్యే సీ-పెప్టైడ్‌ను కొలిచే పరీక్షలో అది తెలిసింది. ఇంజెక్షన్లు పూర్తిగా మానేసే స్థాయిలో కాదు, మోతాదు కాస్త తగ్గింది, అంతే. అదీ జబ్బు బయటపడిన 100 రోజుల్లోపు మొదలుపెడితే. ఏళ్ల తరబడి ఉన్నవాళ్లలో కాపాడటానికి కణాలు పెద్దగా మిగలవు.

బారిసిటినిబ్ కీళ్లవాతానికి ఇప్పటికే వాడే మందే. మెడికల్ షాపులో దొరుకుతుంది కదా అని పిల్లలకు సొంతంగా వేసేయకండి. ఇది రోగనిరోధక శక్తిని అణిచే మందు. లోపల నిద్రాణంగా ఉన్న టీబీ తిరగబెట్టవచ్చు. మన దగ్గర ఆ భయం ఎక్కువే.